సూక్ష్మక్రిములు తయారుచేసే సబ్బు



ఈ మధ్య అంట్లు తోమే ద్రవాల మీద, షాంపూల మీద "బయో", "సహజసిద్ధం" అనే మాటలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. "సిస్టర్, ఇవి సహజమైనవే కదా, వీటితో పుండు కడగవచ్చా?" అని అడిగేవారున్నారు. జవాబు చెప్పేముందు అసలు సంగతి తెలుసుకుందాం.

సబ్బు ఎలా పనిచేస్తుంది?

జిడ్డు చేతిని ఉత్త నీళ్లతో ఎంత కడిగినా జిడ్డు పోదు. సబ్బు అణువుకు రెండు కొసలుంటాయి. ఒక కొస నీటిని, రెండవ కొస జిడ్డును పట్టుకుంటుంది. అందువల్ల జిడ్డు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి, మురికితో, క్రిములతో సహా నీళ్లలో కొట్టుకుపోతుంది. ఇలాంటి పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు. కుంకుడుకాయ రసానికి నురుగు వచ్చేది కూడా ఇటువంటి పదార్థం వల్లనే. దాని పేరు సపోనిన్.

క్రిములకు సబ్బు ఎందుకు?

కొన్ని బాక్టీరియా, ఈస్టులు కూడా ఇలాంటి పదార్థాలను తయారుచేసి బయటకు వదులుతాయి. వీటిని బయోసర్ఫాక్టెంట్లు అంటారు. నూనె పదార్థాలను ఆహారంగా వాడుకోవడానికి, తడి ఉపరితలం మీద పాకడానికి, పక్కనున్న ఇతర క్రిములను ఎదుర్కోవడానికి ఇవి వాటికి పనికివస్తాయి. సూడోమోనాస్ అనే బాక్టీరియా చేసే రామ్నోలిపిడ్‌ను 1949లో వివరించారు. బాసిల్లస్ సబ్టిలిస్ చేసే సర్ఫాక్టిన్‌ను 1968లో జపాన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. తుమ్మెద జాతి తేనెటీగల తేనెలో దొరికిన ఒక ఈస్టు సోఫోరోలిపిడ్ తయారుచేస్తుంది.

ఫ్యాక్టరీలో తయారీ

పెద్ద స్టీలు ట్యాంకుల్లో నీరు, చక్కెర, లవణాలు, కొన్నిసార్లు వంటనూనె కూడా వేసి, అందులో క్రిమిని కలిపి, గాలి పంపుతూ, తగిన వెచ్చదనంలో పెంచుతారు. మన ఇంట్లో ఇడ్లీ పిండి పులియడం వంటిదే ఇది. గాలి పంపేకొద్దీ నురుగు పొంగిపోవడం ఇందులో పెద్ద ఇబ్బంది. తరువాత క్రిములను వేరుచేసి పదార్థాన్ని శుద్ధి చేయాలి. అందుకే పెట్రోలియం నుండి చేసే డిటర్జెంట్ల కంటే దీనికి ఖర్చు ఎక్కువ. 2024లో స్లొవేకియా దేశంలో ఎవోనిక్ కంపెనీ మొక్కజొన్న చక్కెరతో రామ్నోలిపిడ్ చేసే పెద్ద ఫ్యాక్టరీని ప్రారంభించింది. పాత్రలు కడిగే ద్రవాల్లో, షాంపూల్లో, నూనెతో పాడైన నేలను శుభ్రం చేయడంలో ఇవి ఉపయోగపడతాయి. మట్టిలో, నీటిలో త్వరగా కరిగి కలిసిపోవడం వీటి మేలైన గుణం.

పుండులో అదే పదార్థం

ఇక మీరు ముఖ్యంగా గమనించవలసిన సంగతి. సూడోమోనాస్‌లో ఒక రకం కాలిన గాయాల్లో, షుగర్ రోగుల కాలి పుండ్లలో చేరుతుంది. కట్టు మీద నీలి ఆకుపచ్చ మరక, ఒక రకమైన తియ్యని వాసన దాని గుర్తులు. మన శరీరాన్ని కాపాడే తెల్ల రక్తకణాల పైపొర కొవ్వుతో చేయబడినది. సబ్బు జిడ్డును విడదీసినట్లే, ఈ క్రిమి వదిలే రామ్నోలిపిడ్ ఆ పొరను చెడగొట్టి కణాన్ని చంపుతుంది. పైగా క్రిములు జిగురు పొరలో దాగి ఉండడం వల్ల మందులు వాటిపై సరిగా పనిచేయవు.

కనుక సహజమైనదంతా హాని లేనిది కాదు. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మండుతుందో మనకు తెలియనిది కాదు కదా! పాత్రలకు మంచిదైనది పుండుకు మంచిది కాదు.

ఇంట్లో పాటించవలసినవి

1. కట్టు ముట్టుకునే ముందు, తరువాత మామూలు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. ఖరీదైన సబ్బు అవసరం లేదు.

2. పుండు మీద షాంపూ, పాత్రల ద్రవం, కుంకుడు రసం, ఆకు పసరు వేయవద్దు. సిస్టర్ చెప్పిన విధంగానే శుభ్రం చేయండి.

3. తెరిచిన సెలైన్ సీసాను దాచిపెట్టి రోజుల తరబడి వాడవద్దు.

4. సూడోమోనాస్‌కు తడి అంటే ఇష్టం. సబ్బు బిళ్లను నీళ్లు నిలవని పెట్టెలో ఉంచండి. లిక్విడ్ సబ్బు సీసాలో మిగిలినదాని మీద కొత్తది పోయకుండా, సీసా కడిగి ఆరబెట్టి నింపండి.

5. కట్టు మీద ఆకుపచ్చ మరక, దుర్వాసన, జ్వరం, పుండు చుట్టూ ఎరుపు కనబడితే మరుసటి డ్రెస్సింగ్ రోజు వరకు ఆగక వెంటనే ఆస్పత్రికి రండి. షుగర్ ఉన్నవారు నొప్పి లేదు గదా అని ఆలస్యం చేయవద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి నొప్పి తెలియకపోవచ్చు. ఆలస్యమైతే వేలు, కొన్నిసార్లు కాలే తీసివేయవలసి వస్తుంది.

దేవుడు మీ కుటుంబాలకు మంచి ఆరోగ్యమును దయచేయును గాక.

- నర్సింగ్ సూపరింటెండెంట్