ఏ నుంచి జెడ్ దాకా 41 అక్షరాలా?

ఏలూరు నుంచి మాట్లాడుతున్నా. ఒక కంప్యూటర్లో నడిచే సి ప్రోగ్రామ్‌ని ఇంకోదాంట్లో మళ్ళీ కంపైల్ చేస్తే చాలు కదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఓపెన్ సోర్స్ టూల్‌ని లైనక్స్ నుంచి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌కి, అంటే జెడ్ ఓఎస్‌కి పోర్ట్ చేయమన్నారు. కంపైల్ అయింది, ఒక్క ఎర్రర్ లేదు. "అయిపోయింది సార్" అని మెయిల్ కొట్టేశా.

మా సీనియర్ వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న మనిషి. "చిన్న ఏ నుంచి చిన్న జెడ్ దాకా ఒక లూప్ తిప్పు బాబూ, ఎన్నొస్తాయో చూద్దాం" అన్నారు. 26 రావాలి కదా? 41 వచ్చాయి! నాకు చెమటలు పట్టాయి. పేర్లలో అక్షరం కానిది ఉంటే ఆపడమే ఆ టూల్ పని. అదేమో టిల్డా గుర్తుని కూడా అక్షరమే అని వదిలేస్తోంది. అలాగే కస్టమర్‌కి పంపి ఉంటే, ఏ ఎర్రరూ చూపించకుండానే తప్పుడు రికార్డులు పోగుపడేవి.

ఎందుకలా? కంప్యూటర్ అక్షరాల్ని నంబర్లుగా దాస్తుంది. మన ఫోన్లు వాడే ఆస్కీ పట్టికలో చిన్న ఏ 97, జెడ్ 122, మధ్యలో ఖాళీ లేదు. మెయిన్‌ఫ్రేమ్‌ది ఎబ్సిడిక్ అనే పట్టిక, 1964 నాటి సిస్టమ్ 360తో వచ్చింది. అందులో ఏ 129, ఐ 137. తర్వాతి జే 138 కాదు, 145! ఆర్ 153, ఎస్ 162, జెడ్ 169. ఆర్‌కీ ఎస్‌కీ మధ్య 161లో కూర్చుందే ఆ టిల్డా.

ఈ గ్యాప్‌లు పంచ్ కార్డుల నుంచి వచ్చాయి. కార్డు మీద ఒక్కో అక్షరానికి రెండు రంధ్రాలు: ఒకటి గుంపుకి, ఇంకోటి అంకెకి. అంకెలు తొమ్మిదే కాబట్టి ఏ నుంచి ఐ ఒక గుంపు, జే నుంచి ఆర్ ఇంకోటి, మిగతా ఎనిమిదీ మూడోది.

మన పవర్‌పేటలో డీటీపీ షాపువాళ్ళు అను ఫాంట్‌లో కొట్టిన శుభలేఖని ఆ ఫాంట్ లేని ఫోన్లో తెరవండి. పెళ్ళికొడుకు పేరు బదులు పిచ్చి ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ చెడిపోలేదు, చదివే పట్టిక మారిందంతే. ఇదీ అలాంటిదే.

మరి పరిష్కారం? అక్షరమో కాదో నంబర్లతో పోల్చకుండా, సి భాషలో దానికోసమే ఉన్న ఫంక్షన్‌ని అడగాలి. నేను అదే చేశా, 26కి వచ్చింది. రెండో దారి, ప్రోగ్రామ్‌ని ఆస్కీ మోడ్‌లో కంపైల్ చేయడం. అప్పుడు ప్రతి ఫైల్ ఏ పట్టికలో ఉందో జెడ్ ఓఎస్‌కి ట్యాగ్ పెట్టి చెప్పాలి. గిట్, బాష్, కర్ల్ లాంటివి ఇప్పుడు మెయిన్‌ఫ్రేమ్‌లో నడుస్తున్నాయంటే, ఎవరో కూర్చుని ఇలాంటివన్నీ ఒక్కొక్కటిగా సరిచేశారు కాబట్టే.

పోర్టింగ్ అంటే కోడ్ మోసుకెళ్ళడం కాదు ఫ్రెండ్స్. రాసినవాడు "ఇది ఎక్కడైనా ఇంతేగా" అనుకుని వదిలేసిన చోట్లని వెతకడం. ఈరోజు మీ కోడ్‌లో అలాంటి చోటు ఒక్కటైనా పట్టుకోండి. "అయిపోయింది సార్" అని మెయిల్ మాత్రం ఆ తర్వాతే కొట్టండి. ఉంటా మరి!