గుర్రానికి గుప్పెడు ఆముదాలు

2024 ఫిబ్రవరిలో మా కట్టంగూర్ దగ్గర, హైదరాబాదు–విజయవాడ రోడ్డు పక్కన ఉన్న ఒక ఫంక్షన్ హాలులో మా మేనకోడలి కూతురి పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు ఊరేగింపుకని తెల్లగుర్రాన్ని తెచ్చారు. జరీ గుడ్డలూ, నుదుట కుచ్చూ, కాళ్లకు మువ్వలూ కట్టి, వేళ కాలేదని హాలు వెనుక ప్రహరీ దగ్గర కట్టేశారు. చల్లగాలికని నేను అటు వెళ్లాను. రెండురోజుల కిందట కత్తిరించిన గన్నేరు కొమ్మలు గోడవారన కుప్పగా పడి ఉన్నాయి. గుర్రం మెడ చాచి వాటిని వాసన చూస్తున్నది.

ఈ వయస్సులో నేను పరుగెత్తగలనని నాకే తెలియదు. వెళ్లి దాని నోటి దగ్గరి కొమ్మ లాగేసి, కళ్లెం పట్టుకుని అవతలికి తిప్పాను. మగపెళ్లివారి పెద్దాయన చూసి నవ్వాడు.

"ఏం బావగారూ, మా గుర్రానికి కూడా మీరే మర్యాదలు చేస్తున్నారా?"

గుర్రంవాడు బీడీ పారేసి వచ్చాడు. "అది శేదు సార్. గుర్రం ముట్టదు" అన్నాడు.

అతను చెప్పినదాంట్లో సగం నిజం. పచ్చి గన్నేరాకు చేదు. కడుపు నిండిన గుర్రం దాన్ని కొరికి ఉమ్మేస్తుంది. కాని కోసి పారేసిన కొమ్మ వాడి ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం తగ్గదు. ఆకలిగా ఉన్న జంతువుకు ఆ తేడా తెలియదు. పదీ ఇరవై ఆకులు చాలు, గుండె లయ తప్పి గుర్రం కూలిపోవడానికి. ఎర్ర గన్నేరైనా, తెల్ల గన్నేరైనా, పచ్చ గన్నేరైనా ఒకటే. దేవుడి పూజకు రోజూ కోసే పువ్వు కనుక దానిమీద మనకు అనుమానం రాదు. పెద్దరోడ్ల నడుమ దిబ్బలమీద అదే పనిగా దీన్ని నాటడంలో ఒక కారణం, పశువులు మేయవనే.

మన పూర్వులకు ఈ సంగతి బాగా తెలుసు. అమరకోశంలో గన్నేరుకు ఉన్న పేర్లలో ఒకటి హయమారకం. అశ్వమారకమని కూడా అంటారు. అంటే గుర్రాన్ని చంపేది. మనిషినీ, ఆవునూ, మేకనూ కూడా చంపగలిగిన మొక్కకు గుర్రం పేరే ఎందుకు పెట్టారో! ఒక్క మాట మాత్రం చెప్పవచ్చు. గుర్రానికి వాంతి కాదు. కడుపులోకి పోయే ద్వారం లోపలినుంచి బిగుసుకుని ఉంటుంది, పోయినది తిరిగి రాదు. కుక్క అయితే కక్కేసి బతుకుతుంది. గుర్రానికి ఆ దారి లేదు.

నాకు ఇదంతా పుస్తకాలు చదివి పట్టుబడలేదు. 1962లో నాకు తొమ్మిదేళ్లు. మా ఇంటి ఎదురు వేపచెట్టు కింద ఒక టాంగా ఉండేది. తోలే ముసలాయనను పిల్లలమంతా టాంగా తాత అనేవాళ్లం. నకిరేకల్ వైపు వెళ్లే మనుషులనూ, మూటలనూ ఎక్కించుకుని పోయేవాడు. గుర్రం పేరు మోతీ. బడినుంచి వస్తూ దాని ముక్కుమీద చెయ్యి వేయకుండా నేను ఇంట్లోకి వెళ్లేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో మా చెల్కల్లో ఎటు చూసినా ఆముదపు చెట్లే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్రనేలలకు ఆముదం పెట్టింది పేరు. వాన తక్కువైనా ఎంతో కొంత చేతికి వచ్చే పంట. కాయలు తెచ్చి వాకిట్లో ఆరబోస్తే, ఎండకు టప్పుమని పగిలి గింజలు దూరంగా ఎగిరిపడేవి. వాటిని ఏరడం పిల్లల పని. నున్నగా, చారలు చారలుగా, ఎంత ముద్దుగా ఉంటాయో గింజలు!

ఒకనాడు టాంగా తాత మోతీకి నానిన ఉలవలు సంచిలో పోసి, మెడకు తగిలించబోతూ చుట్టకు నిప్పుకోసం మా ఇంట్లోకి వచ్చాడు. నా చేతిలో గుప్పెడు ఆముదాలున్నాయి. ఉలవల్లో కలిపేశాను. పిల్లలకు కడుపు బాగుండాలని మా నాయనమ్మ ఆముదం పట్టేది. మోతీకి మాత్రం కడుపు బాగుండవద్దా అనుకున్నాను.

ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు మధ్యాహ్నానికి మోతీ మేత ముట్టలేదు. తల వేలవేసింది. ఒళ్లంతా చెమట. సాయంత్రానికి పొట్టవైపు తిరిగి తిరిగి చూసుకుంటూ, నేలమీద పడి పొర్లడం మొదలుపెట్టింది. గుండె ఎట్లా కొట్టుకున్నదంటే, ఆ దెబ్బకు ఒళ్లే అదరడం నాకు దూరంనుంచి కనబడింది. టాంగా తాత మా ఇంటికి పరుగెత్తుకొచ్చి, "ఏం దిన్నదో ఏమో అమ్మా, జర ఆముదం ఉంటే ఇయ్యి" అని నాయనమ్మనే అడిగాడు. ఆవిడ శేరు వంటాముదం ఇచ్చింది. వెదురు గొట్టంతో పోశాడు. తెల్లవారేసరికి మోతీ లేదు.

ఎండదెబ్బ అన్నారు కొందరు. దిష్టి అన్నారు కొందరు. నేనేమీ అనలేదు. నిజానికి అప్పటికి నాకూ తెలియదు.

తెలిసింది పదిహేనేళ్ల తర్వాత. బస్సులో పక్కన కూర్చున్న ఒక పశువైద్యుడితో మాటల్లో మోతీ చచ్చిపోయిన తీరు చెప్పాను. "ఆముదాలుగాని తిన్నదా?" అని అడిగాడాయన. నాకు నోట మాట రాలేదు.

ఆముదపు గింజలో రిసిన్ అనే విషం ఉన్నది. 1888లో హెర్మన్ స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు దోర్పాత్ విశ్వవిద్యాలయంలో, అంటే ఇప్పటి ఎస్తోనియాలో, దాన్ని విడదీసి పేరు పెట్టాడు. 1978లో లండన్‌లో బల్గేరియా రచయిత జార్జి మార్కోవ్ తొడలోకి గొడుగు మొనతో ఎక్కించారని చెప్పుకునేది ఈ విషమే. ఒంట్లోని కణాలు మాంసకృత్తులు తయారు చేసుకోవడాన్ని ఇది ఆపేస్తుంది. అంచేత ఫలితం వెంటనే కనబడదు, గంటలు గడుస్తాయి. విరుగుడు మందు లేదు.

జంతువులన్నిటిలోనూ దీనికి గుర్రమే అందరికంటె త్వరగా లొంగిపోతుంది. కిలో బరువుకు గ్రాములో పదోవంతు గింజలు నమిలితే చాలునంటారు. కోడికైతే కిలోకు 14 గ్రాములదాకా కావాలట! టాంగా గుర్రం 250 కిలోలుంటుందనుకుంటే 25 గ్రాములు, అంటే రెండు తులాలపైన కొంచెం. ఈ లెక్క తెలిసిన తర్వాత ఒకసారి తొమ్మిదేళ్ల మా మనవడి చేత గుప్పెడు ఆముదాలు పట్టించి తూచాను. 30 గ్రాములు దాటింది. ఆ గింజలకోసం ఊళ్లో నాలుగిళ్లు తిరగవలసి వచ్చింది. మా చెల్కల్లో ఇప్పుడు ఎక్కువగా పత్తే.

మరి మన ఇళ్లలో పిల్లలకు పట్టిన ఆముదం మాటేమిటని మీరడగవచ్చు. రిసిన్ నూనెలోకి రాదు, పిప్పిలోనే ఉండిపోతుంది. పైగా మన ఆడవాళ్లు గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి నూనె తీసేవారు. ఆ వేడికి విషం విరిగిపోతుంది. అందుకే మన రైతు తెలకపిండి పశువుకు పెడతాడు, ఆముదపు పిండి మాత్రం పొలానికి ఎరువుగా వేస్తాడు. పిండి సంచులు మారిపోతే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

జొన్న సంగతి దీనికి భిన్నం. వాన లేక వాడిన లేత జొన్నలోనూ, కోసిన మొదళ్లకు వచ్చే పిలకల్లోనూ ఉండే విషాన్ని మనవాళ్లు నాము అంటారు. అది ముఖ్యంగా నెమరువేసే పశువులను పడేస్తుంది. వాటి పెద్దకడుపులో అది తొందరగా సయనైడుగా మారుతుంది. దానికి విరుగుడు ఉన్నది. ఫొటోలు కడిగే హైపో ఉప్పే డాక్టర్లు సూదిమందుగా ఇస్తారు. నాము తగిలిన ఆవును సకాలంలో డాక్టరు చూస్తే బతికించవచ్చు. మోతీకి అటువంటిదేదీ లేదు.

టాంగా తాత మరో గుర్రం కొనలేకపోయాడు. టాంగా చక్రాలు అమ్మేసి రోడ్డుపనికి పోయాడు. నాకు నిజం తెలిసేనాటికి ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన కొడుకు ఉన్నాడు. ఒకటి రెండుసార్లు ఆ ఇంటిదాకా వెళ్లి, యోగక్షేమాలు అడిగి తిరిగి వచ్చాను.

పెళ్లినాడు ఇదంతా గుర్రంవాడికి చెప్పలేదు. ఎండిన గన్నేరు సంగతి మాత్రం చెప్పాను. అతను మారుమాట లేకుండా కొమ్మలన్నీ ఎత్తి గోడ అవతలికి విసిరేశాడు. అవతల ఎవరివో మేకలు మేస్తున్నాయి. పట్టుపంచె ఎగగట్టి నేనూ, పలుపు చేతబట్టుకుని అతనూ, గోడ చుట్టూ తిరిగి వెళ్లి, మేకలను తరిమి, కొమ్మలు ఒక్కొక్కటే ఏరి గోతిలో పూడ్చాము. భోజనానికి కూర్చునేముందు సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. అప్పటికి మూడో బంతి కూడా లేచిపోయింది.