గడియ వేయని తలుపు

ప్రతి ఏటా నవంబరు 2వ తేదీ సాయంత్రం మా ఊరి సమాధుల తోట కొవ్వొత్తుల వెలుగుతో నిండిపోతుంది. కొత్తగా సున్నం వేసిన సమాధుల మీద బంతిపూల దండలు, చుట్టూ పిల్లలు, పెద్దలు. ఆ సాయంత్రం మేమిద్దరం ఒక్కొక్క కుటుంబం దగ్గర ఆగి, ప్రార్థన చేసి ముందుకు సాగుతాం. కొన్నేళ్ల క్రితం తోట చివర, ప్రహరీ గోడ పక్కన, ఒక తల్లి ఒంటరిగా కూర్చుని కనిపించింది. ఆమె ఒక్కగానొక్క కుమారుడు తాగుడుకు అలవాటుపడి, ఆరాధనకు రావడం మానేసి, 28వ ఏట కన్నుమూశాడు. భూస్థాపన రోజున బంధువు ఒకాయన ఆమె వినేలాగానే, "మారుమనస్సు లేకుండా పోయాడు. వాడి గతి తేలిపోయింది" అన్నాడట.

"వాడు ఏ రాత్రికొచ్చినా అన్నం మూతపెట్టి ఉంచేదాన్ని అయ్యగారూ. తలుపు గడియ వేసేదాన్ని కాదు. ఇప్పుడు మా వాడు ఎక్కడున్నాడండీ?" అని ఆమె అడిగింది.

మేము జవాబు చెప్పలేకపోయాం. ఆమె పక్కన కూర్చుని ప్రార్థించి ఇంటికి వచ్చాం. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు.

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్న మన తరంలో పుట్టింది కాదు. దాదాపు 379వ సంవత్సరంలో నిస్సా పట్టణపు బిషప్పు గ్రెగొరీ, తన అన్న బాసిలు మరణించిన దుఃఖంలో, అక్క మక్రీనాను చూడడానికి వెళ్లాడు. తీరా చూస్తే ఆమె కూడా మరణశయ్య మీద ఉంది. ఆత్మను గూర్చి, పునరుత్థానమును గూర్చి వారిద్దరి మధ్య జరిగిన సంభాషణను గ్రెగొరీ ఒక గ్రంథంగా వ్రాశాడు. అందులో ఏడ్చేది తమ్ముడు, ఓదార్చేది చనిపోబోతున్న అక్క. దేవుని తీర్పు పగ తీర్చుకోవడం కాదని ఆమె అతనికి వివరిస్తుంది. కంసాలి బంగారాన్ని కొలిమిలో పెట్టేది మలినాన్ని కాల్చడానికే గాని బంగారాన్ని పోగొట్టుకోవడానికి కాదు. మలినం ఎంత ఎక్కువైతే బాధ అంత ఎక్కువ. అయినా చివరికి దేవుడే అందరిలోను సర్వమై ఉంటాడని ఆమె నిరీక్షణ.

చివరికి మనుష్యులందరూ దేవునితో సమాధానపడతారనే ఈ నమ్మకాన్ని సార్వత్రిక రక్షణ అంటారు. గ్రెగొరీకి ముందే, మూడవ శతాబ్దంలో, అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిగెను ఇటువంటి ఆలోచన చేశాడు. సంఘం దీనిని తేలికగా ఒప్పుకోలేదు. 553లో కాన్‌స్టాంటినోపులులో కూడిన మహాసభ ఓరిగెనును తప్పుబోధకుల వరుసలో చేర్చింది. గ్రెగొరీని మాత్రం సంఘం నేటికీ పరిశుద్ధునిగానే గౌరవిస్తోంది.

పరిశుద్ధ అగస్టీను కూడా ఈ బోధను అంగీకరించలేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయం చివర శిక్షకూ జీవానికీ "నిత్య" అనే ఒకే మాట వాడబడింది గనుక, జీవానికి అంతం లేకపోతే శిక్షకూ అంతం లేదని అతని వాదం. ఆ గ్రీకు మాటకు "రాబోయే యుగానికి చెందిన" అనే అర్థం కూడా ఉందని అవతలివారి జవాబు. పదహారు వందల ఏళ్లు దాటినా ఈ చర్చ ముగియలేదు. ఇరువైపులా దేవుని ప్రేమించినవారే ఉన్నారు.

మరి మనం ఏమి చెప్పగలం? అందరూ తప్పక రక్షింపబడతారని సిద్ధాంతంగా ప్రకటించే అధికారం మాకు లేదు. నరకాన్ని గూర్చి గట్టిగా హెచ్చరించినవాడు యేసు ప్రభువే. ఆ పుటలను మనం చింపివేయలేం. అలాగే దేవుడు మనుష్యులందరూ రక్షణ పొందాలని కోరుతున్నాడని తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో ఉంది. ఆ పుటను కూడా చింపివేయలేం. ఫలానా మనిషి నరకానికి పోయాడని చెప్పే అధికారం మాత్రం ఏ మనిషికీ లేదు.

జక్కయ్యను జ్ఞాపకం చేసుకోండి. ముందు మారితే తరువాత దేవుడు అంగీకరిస్తాడని మనం అనుకుంటాం. కాని ప్రభువు ఆ మేడిచెట్టు కింద నిలిచి, అతని యింట బస చేస్తానని ముందే చెప్పాడు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తాననే మాట జక్కయ్య నోట తరువాత వచ్చింది. అతని మార్పు కృపకు చెల్లించిన వెల కాదు, కృప కాచిన పండు.

"అలాగైతే ఎలా బ్రతికినా ఫరవాలేదా?" అని కొందరు అడుగుతారు. పౌలును కూడా ఇదే అడిగారు. రోమా పత్రిక 6వ అధ్యాయంలో అతడు ఆ మాటను గట్టిగా త్రోసివేశాడు. అమ్మ అన్నం మూతపెట్టి ఉంచుతుందని తెలిసిన కొడుకు అందుకోసమని దారి తప్పాలనుకోడు. ఆ అన్నం గుర్తొచ్చినప్పుడే ఇంటివైపు తిరుగుతాడు.

స్విట్జర్లాండుకు చెందిన కార్ల్ బార్త్ గొప్ప వేదాంత పండితుడు. వృద్ధాప్యంలో బాసెలు పట్టణపు జైలుకు వెళ్లి ఖైదీలకు వాక్యం చెప్పేవాడు. 1957 శుభ శుక్రవారం నాడు సిలువపై యేసుతో ఉన్న నేరస్థులను గూర్చి ప్రసంగిస్తూ, వారే మొదటి క్రైస్తవ సంఘమని అన్నాడు. మారుమనస్సు పొందిన ఒక్కడే కాదు, ఇద్దరూ! అందరూ రక్షింపబడతారని బార్త్ సిద్ధాంతంగా బోధించలేదు. అయితే దేవుని దయకు హద్దులు గీసే హక్కు మనకు లేదని 1956లో ఒక ఉపన్యాసంలో స్పష్టం చేశాడు.

మరుసటి సంవత్సరం మేము ఆ తల్లి దగ్గరకు వెళ్లాం. "అమ్మా, మీ వాడు ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఎవరి చేతిలో ఉన్నాడో తెలుసు. మీరు ఒక్క రాత్రి కూడా గడియ వేయలేదు. ఆ ప్రేమను మీ గుండెలో పెట్టినవాడు మీకంటే తక్కువ ప్రేమిస్తాడా?" అన్నాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కొవ్వొత్తి మా చేతికిచ్చి, "మీరే వెలిగించండి అయ్యగారూ" అంది.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్ద కుమారుడు విందుకు లోపలికి వెళ్లాడో లేదో ప్రభువు చెప్పలేదు. ఆ జవాబు మనమే చెప్పాలని కాబోలు. ఈసారి మన బంధువర్గంలో ఎవరి భూస్థాపనకైనా వెళ్లినప్పుడు తీర్పు మాట మన నోట రాకుండా చూసుకుందాం. ఏడ్చేవారి పక్కన కూర్చుందాం. బ్రతికి ఉండి దూరమైనవారుంటే ఈ వారమే వారి గుమ్మం తొక్కుదాం.

కృపగల దేవుడు మన ఇళ్ల తలుపులకూ మన హృదయాలకూ గడియ పడకుండా కాపాడును గాక.