ఎర్రదీపం వెలిగితే – డీసెల్ ఇంజనులో ఆయిల్ ప్రెషర్ స్విచ్చి



దుక్కికి ట్రాక్టరు, పంటను ఊరు దాటించడానికి లారీ – ఈ రోజుల్లో డీసెల్ ఇంజను చప్పుడు వినపడని పల్లె లేదనే చెప్పవచ్చు. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు పోవాలన్నా, చెరకు ఫ్యాక్టరీకి చేరాలన్నా, ధాన్యం మిల్లులో దిగాలన్నా బండి వేళకు కదలాలి. సరిగ్గా అటువంటి సమయంలోనే ఒక్కొక్కప్పుడు డ్రైవరు ఎదుట ఎర్రదీపం వెలుగుతుంది. నూనెడబ్బా బొమ్మ ఉన్న దీపమది. దాన్ని చూసి కొందరు బండి ఆపుతారు. మరికొందరు, "స్విచ్చి పోయి ఉంటుందిలే, సరుకు దించి వచ్చాక చూద్దాం" అని నడిపేస్తారు. స్విచ్చి పోయిందా, లేక నిజంగానే ఇంజనుకు ప్రమాదం వచ్చిందా అన్నది ఎట్లా తేల్చుకోవాలి? స్విచ్చే పోతే కొత్తది ఎట్లా బిగించాలి? ఈ రెండు సంగతులూ ఇప్పుడు చెప్పుకుందాం.

ముందు ఇంజనులో ఆయిలు చేసే పని తెలుసుకోవాలి. క్రాంకు షాఫ్టు బేరింగులలో తిరుగుతుందని మనం అంటాము. నిజానికి అది బేరింగును తాకకుండా, వెంట్రుక కంటె పలుచనైన ఆయిలు పొరమీద తేలుతూ తిరుగుతుంది. అడుగున సంపులో ఉన్న ఆయిలును పంపు తోడి, ఫిల్టరు గుండా ఒత్తిడితో ప్రతి బేరింగుకూ పంపుతుంది. ఆ ఒత్తిడి పడిపోయిందా, పొర తెగిపోతుంది. ఇనుము ఇనుమును రాసుకుంటుంది. బరువుమీద ఉన్న బండి అయితే కొద్ది నిమిషాలలోనే బేరింగులు కాలి, ఇంజను పట్టేస్తుంది. అప్పుడు ఇంజను దించాలి, క్రాంకు సాన పట్టించాలి, బేరింగులు మార్చాలి. డబ్బు సంగతి అటుంచి, సీజనులో బండి ఎన్నాళ్లు షెడ్డులో పడి ఉంటుందో ఆలోచించండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

ఈ ఒత్తిడిని కనిపెట్టుకొని ఉండేదే ఆయిల్ ప్రెషర్ స్విచ్చి. బొటనవేలంత ఉంటుంది. సాధారణంగా ఇంజను పక్కన, ఆయిల్ ఫిల్టరు దాపున బిగించి ఉంటుంది. దానిలోపల ఒక పలుచని పొర, ఒక స్ప్రింగు, రెండు చిన్న రేకులు ఉంటాయి. తాళంచెవి తిప్పి, ఇంజను ఇంకా స్టార్టు చెయ్యనప్పుడు ఆయిలుకు ఒత్తిడి లేదు. స్ప్రింగు ఆ రేకులను కలిపి ఉంచుతుంది. బ్యాటరీ నుంచి కరెంటు దీపం గుండా, వైరు గుండా, స్విచ్చి గుండా ఇంజను ఒంట్లోకి దిగుతుంది. దీపం వెలుగుతుంది. ఇంజను స్టార్టు కాగానే ఆయిలు ఆ పొరను నెడుతుంది, రేకులు విడిపోతాయి, దీపం ఆరుతుంది. పని ఇంతే.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. చాలా స్విచ్చీలు చదరపు సెంటీమీటరుకు సుమారు అర కిలో, అంటే చదరపు అంగుళానికి ఏడు పౌన్ల ఒత్తిడి దగ్గరే దీపాన్ని ఆర్పివేస్తాయి. కాని వేడెక్కిన లారీ ఇంజను పరుగుమీద ఉన్నప్పుడు సాధారణంగా మూడు నుంచి ఐదు కిలోల ఒత్తిడి ఉంటుంది. కనుక దీపం ఆరి ఉన్నంత మాత్రాన అంతా బాగున్నదని కాదు. దీపం వెలిగిందంటే మాత్రం ఒత్తిడి అట్టడుగుకు దిగిందని అర్థం. ఇది ముందుగా వచ్చే హెచ్చరిక కాదు, ఆఖరి హెచ్చరిక. అందుచేత నడుస్తున్న బండిలో ఎర్రదీపం వెలిగితే, పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపవలెను. ఊరు ఇంకా రెండు మైళ్లేనని నడపవద్దు.

ఇంజను ఆపిన తరువాత ఏం చెయ్యాలి? బండిని చదును నేలమీద ఉంచి, పది నిమిషాలు ఆగి, డిప్ స్టిక్కు తీసి చూడండి. ఆయిలు తక్కువైతే అసలు కారణం అదే కావచ్చు. ఎక్కడ కారిందో వెతకండి. ఆయిలు గుర్తు కంటె పైకి వచ్చి, డీసెల్ వాసన వేస్తుంటే డీసెల్ కలిసి ఆయిలు పలచబడిందన్నమాట. పాలకాఫీ రంగులో ఉంటే నీరు కలిసింది. ఈ మూడింటిలో ఏది కనబడినా ఇంజను స్టార్టు చెయ్యకుండా మేస్త్రీని పిలవండి.

ఆయిలు మట్టమూ, రంగూ బాగానే ఉన్నవి అనుకుందాం. ఇంజను ఆపి ఉంచి, తాళంచెవి మాత్రం తిప్పి, స్విచ్చి తలమీది వైరు ఊడదీయండి. అప్పటికీ దీపం వెలుగుతూనే ఉంటే, వైరు తొడుగు ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుమును తాకుతున్నది. తప్పు స్విచ్చిది కాదు. వైరు తీయగానే దీపం ఆరిందా, అప్పుడు రెండే అవకాశాలు: స్విచ్చి చెడింది, లేదా నిజంగానే ఒత్తిడి లేదు. ఈ రెండింటిలో ఏదో కంటితో చూసి చెప్పడం ఎంతటి మేస్త్రీకైనా సాధ్యం కాదు. మీటరు పెట్టవలసిందే. స్విచ్చి విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ మీటరు బిగించి, ఇంజను స్టార్టు చేసి ముల్లు చూడాలి. కొన్ని సెకండ్లలో ముల్లు లేవకపోతే తక్షణం ఆపాలి. లేస్తే, ఇంజను వేడెక్కిన తరువాత నెమ్మదిమీద ఎంత, పరుగుమీద ఎంత అన్నది చూసి, బండితో వచ్చిన పుస్తకంలోని అంకెలతో పోల్చాలి. ఒత్తిడి సరిగా ఉంటేనే స్విచ్చి మార్చండి. తక్కువగా ఉంటే స్విచ్చి మార్చినందువల్ల ప్రయోజనం లేదు. బేరింగులు అరిగినాయా, సంపులో జల్లెడ పూడినదా, ఒత్తిడి వాల్వు ఇరుక్కున్నదా, తగని గ్రేడు ఆయిలు పోసినారా అన్నది మేస్త్రీ చూడాలి.

కొందరు వైరు పీకేసి దీపం ఆర్పుకుంటారు. దొంగ వచ్చాడని మొరిగే కుక్క నోరు కట్టేసినట్టే ఇది. బండి సెకండుహాండులో కొన్నవారు ఇది తప్పక పరీక్షించాలి. తాళంచెవి తిప్పగానే ఎర్రదీపం వెలగాలి. వెలగకపోతే కాపలా లేదన్నమాట. అప్పుడు స్విచ్చి వైరు తీసి ఇంజను ఇనుముకు తాకించండి. దీపం వెలిగితే వైరూ బల్బూ మంచివే, స్విచ్చి చెడింది. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, వైరు చూసుకోవాలి.

స్విచ్చి తలదగ్గర ఆయిలు చెమ్మ కనిపించినా దాన్ని మార్చవలసిందే. లోపలి పొర చిరిగి ఆయిలు బయటికి వస్తున్నదన్నమాట. ఆయిలు ఒత్తిడిమీద ఉంటుంది గనుక ఈ కారుడు ఎప్పుడు ధారకడుతుందో చెప్పలేము.

ఇక మార్చే పద్ధతి. బండి చదునుమీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజను చల్లారనివ్వండి, కాగిన ఆయిలు పడితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. క్యాబిను ముందుకు వంచే లారీ అయితే, దాన్ని నిలబెట్టే కమ్మీకి గడియ పడిందో లేదో చూడందే కింద తల పెట్టవద్దు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. స్విచ్చి చుట్టూ ఉన్న దుమ్మూ, మడ్డీ గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఇసుక రేణువు లోపల పడితే బేరింగుకు చేటు. కింద ఒక పళ్లెం పెట్టి, సరిపోయే సాకెట్టుతో విప్పండి. కటింగు ప్లేయరుతో తల పట్టి తిప్పితే తల విరిగి, మర లోపల మిగిలిపోతుంది.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడే ఎక్కువమంది నష్టపోతున్నారు. అరపావు అంగుళం పైపు మరలో అమెరికా పద్ధతికి అంగుళానికి 27 చుట్లు, బ్రిటిషు పద్ధతికి 28 చుట్లు. పది మిల్లీమీటర్ల మెట్రిక్ మర మరొకటి ఉన్నది. చూపుకు మూడూ ఒకటే. ఒకదాని చోట మరొకటి బలవంతాన బిగిస్తే ఇంజను బ్లాకులోని మర చెడుతుంది. కనుక బండి మోడలు చెప్పి, పాత స్విచ్చి చూపించి కొనండి. మీటరు ముల్లును నడిపే సెండింగు యూనిట్ కూడా ఇంచుమించు ఇట్లాగే ఉంటుంది. దాన్ని దీనికి బదులు పెట్టరాదు.

కొత్త స్విచ్చిని మొదటి రెండు మూడు చుట్లు చేతితోనే తిప్పండి. మొదటి చుట్టులోనే బిగుసుకుంటే మర అడ్డం పడింది. విప్పి మళ్లీ మొదలుపెట్టండి. కొస సన్నగా ఉండే మర దానంతటదే బిగుస్తుంది. సమంగా ఉండే మరకు కొత్త రాగి వాషరు వెయ్యాలి. తెల్ల టేపు మందంగా చుట్టవద్దు. ఒంటివైరు స్విచ్చికి ఎర్తు ఆ మర ద్వారానే అందాలి. పైగా టేపు ముక్క తెగి లోపలికి పోవచ్చు. స్విచ్చి మెత్తని ఇత్తడిది కావచ్చు గనుక పుస్తకంలో చెప్పినంతే బిగించండి.

వైరు తగిలించి, బ్యాటరీ కలిపి, తాళంచెవి తిప్పండి. దీపం వెలగాలి. స్టార్టు చేస్తే కొన్ని సెకండ్లలో ఆరాలి. ఇంజను వేడెక్కిన తరువాత ఆపి, స్విచ్చి చుట్టూ వేలితో తడిమి చెమ్మ చూడండి. మరుసటి రోజు పొద్దున డిప్ స్టిక్కుతో పాటు దీన్ని ఇంకొకసారి చూడండి.

ఒక హెచ్చరిక. కొత్త లారీలలో, ముఖ్యంగా 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ స్టేజి ఆరు బండ్లలో, చాలావాటికి స్విచ్చికి బదులు మూడు వైర్ల సెన్సారు ఉంటుంది. అది బండిలోని కంప్యూటరుకు లెక్క చెబుతుంది. దాని వైర్లు ఇంజనుకు తాకించి పరీక్షించరాదు. అది తగిన పరికరమున్న షెడ్డులో చూపించవలసిన పని.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. దీన్ని రైతులకు చూపించడం చాలా సులువు. మంచి స్విచ్చి ఒకటి, బ్యాటరీ, బల్బు, సైకిలు పంపు ఉంటే చాలు. బల్బు వెలిగేటట్టు కలిపి, స్విచ్చి నోటికి తగిన గొట్టంతో పంపు తగిలించి గాలి కొట్టండి. బల్బు ఆరుతుంది. గాలి వదలండి, వెలుగుతుంది. ఒక్కసారి కళ్లారా చూసిన రైతు ఆ దీపాన్ని మళ్లీ తేలికగా తీసుకోడు.

తాళంచెవి తిప్పినప్పుడు వెలగాలి, ఇంజను తిరిగినప్పుడు ఆరాలి. రోజూ బండి తీసేటప్పుడు ఈ రెండూ చూసుకోవడం అలవాటు చేసుకోండి.