ఉప్పుగాలిలో పెట్రోలు లారీ

లారీని కొనడం ఒక ఎత్తు. దాని ఇంజనును కాపాడుకొనడం మరొక ఎత్తు.

నెల్లూరు తీరపు ఉప్పు, కట్టెలు ఒకనాడు బకింగ్‌హాం కాలువ వెంట పడవలపై చెన్నపట్టణానికి సాగేవి. క్రమంగా ఆ భారం లారీల మీద పడింది. 1954లో టాటా వారు జర్మనీ దేశపు డైమ్లర్ బెంజి సహకారంతో డీజెలు లారీల నిర్మాణానికి పూనుకొనక పూర్వం మన రోడ్లపై తిరిగినవి చాలవరకు పెట్రోలు లారీలే.

పెట్రోలు ఇంజనుకు ప్రాణం విద్యుత్తు రవ్వ. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు తీగెలపై పేరుకొని మంచుకు తడిసినదా, విద్యుత్తు ఆ తడి వెంట దారి తప్పుతుంది, రవ్వ పుట్టదు. అందుచేత తెల్లవారుజామున డ్రైవరు మొదటి పని పొడిగుడ్డతో డిస్ట్రిబ్యూటరు మూతను తుడవడం. రేడియేటరులో ఉప్పునీరు పోస్తే లోపల గార కట్టి వేడి బయటకు పోదు. కనుక దారిలో మంచినీటి బావి ఎక్కడున్నదో అతనికి తెలిసి ఉండాలి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కంట్రోలు రాగా ఇటువంటి ఇంజనులే బొగ్గు గ్యాసుతో నడిచాయి. బలం తగ్గింది, సరిగా వడకట్టని బూడిద సిలిండర్లను అరగదీసింది.

అప్పు చేసి కొన్న లారీ వారం దినాలు కదలకపోతే వాయిదా తప్పుతుంది, పిల్లల బడి జీతం ఆగుతుంది. విద్యుద్వాహకత అన్న మాట ఎన్నడూ చదువని చేతులు ఆ గుడ్డముక్కతోనే సంసారాన్ని నిలబెట్టాయి. పాఠంలో ఆ మాట వచ్చిననాడు ఉపాధ్యాయులు ఆ చేతులను కూడ ఒకసారి తలచుకొనదగును.