సవరల గోడబొమ్మలు, ఫ్లాండర్స్ పూలచిత్రాలు

అరకు లోయకు ఈశాన్యంగా, సీతంపేట కొండల నుంచి ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల దాకా పరుచుకున్న తూర్పు కనుమలలో నివసించే సవరలు ఇంటి గోడల మీద వేసుకునే బొమ్మలను గృహాలంకరణ అనుకోవడం తేలికే గాని, సంప్రదాయం ప్రకారం అటువంటి ప్రతి బొమ్మా చనిపోయిన బంధువు కోసమో, దేవత కోసమో కట్టిన ఇల్లు. ఎర్రమట్టితో అలికిన గోడ మీద, నీళ్లలో కలిపిన బియ్యప్పిండితో, కొన నలగగొట్టిన పుల్లను కుంచెగా చేసుకుని గీసే ఆ చిత్రంలో చుట్టూ ఉండే నలుపలకల చట్రమే ఆత్మకు నివాసం. దాని లోపల, మొనలు కలిసిన రెండు త్రిభుజాలే దేహంగా గల సన్నని మనుషులు చేతులు కలిపి ఆడుతుంటారు, గుర్రాల మీదా ఏనుగుల మీదా ఊరేగుతుంటారు, జీలుగు చెట్టెక్కి కల్లు గీస్తుంటారు. పైన సూర్యచంద్రులు, పక్కన నెమళ్లు, కోతులు ఎక్కిన చెట్లు ఉంటాయి.

ఈ బొమ్మల గురించి వివరంగా రాసిన మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్, సవరల మతంపై 1955లో వెలువరించిన గ్రంథంలో, వాటి వెనుక ఉన్న క్రమాన్ని నమోదు చేశాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, ఆత్మలతో మాట్లాడే కుడాన్ ఏ ఆత్మ అలిగిందో కనిపెట్టి బొమ్మ వేయించమంటాడు. బొమ్మ పూర్తయ్యాక ఆ ఆత్మను పిలిచి, నైవేద్యం పెట్టి, దానికి చూపిస్తాడు. లోటేదైనా ఉందని ఆత్మ అతని నోట పలికితే చిత్రకారుడు దానిని చేర్చవలసిందే. బొమ్మలలోకి రైలుబండ్లు, విమానాలు కూడా వచ్చి చేరాయంటే అందులో వింత లేదు: లోకంలో కొత్తగా కనిపించిన గొప్పతనం తమవారికీ దక్కాలన్న కోరిక అది. 

చిత్రం ద్వారా మరణాన్ని గురించి మాట్లాడే మరొక సంప్రదాయం, నేటి బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో, పదిహేడవ శతాబ్ది ఆరంభంలో వికసించింది. కదలని వస్తువులను మాత్రమే చూపే చిత్రాన్ని నిశ్చలచిత్రం అంటారు. అందులో పూలగుత్తులకు పేరు తెచ్చినవాడు ఆంట్వెర్ప్ చిత్రకారుడు యాన్ బ్రూగెల్ (1568–1625). తన నగరంలో దొరకని పూల కోసం బ్రస్సెల్స్ దాకా వెళ్లానని 1606లో మిలాన్‌లోని కార్డినల్ బొర్రోమియోకు అతడు రాసిన ఉత్తరం వల్ల, ఒకే పాత్రలో కనిపించే ఆ గుత్తి నిజానికి ఎప్పుడూ ఒక్కచోట చేరనిదని అర్థమవుతుంది. వసంతంలో పూసే తులిప్, వేసవిలో పూసే గులాబీ, లిల్లీ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. తెల్లని లిల్లీ కన్య మరియమ్మ నిర్మలత్వానికి, రాలిన రేకు, పురుగు తిన్న ఆకు, ఈగ నశించే దేహానికి, సీతాకోకచిలుక తిరిగి లేచే ఆత్మకు గుర్తులని చెబుతారు. అయితే ప్రతి పువ్వునూ రహస్య లిపిలా విప్పబోవడం సరికాదు, ఎందుకంటే అరుదైన పూలకు అప్పట్లో ఉన్న గిరాకీ కూడా ఆ చిత్రాలు వేయించిన కారణాలలో ఒకటి.

రెంటికీ ఉన్న అసలు తేడా చిత్రం ఎవరిని ఉద్దేశించినదన్న దగ్గర కనిపిస్తుంది. ఫ్లాండర్స్ పూలగుత్తి, బ్రతికి ఉన్న ప్రేక్షకుడికి అతని చావును గుర్తు చేస్తుంది. సవరల బొమ్మ మాత్రం చనిపోయినవారితోనే నేరుగా మాట్లాడుతుంది, వారికి చోటిస్తుంది, బ్రతిమాలుతుంది. అందుకే కొయ్య పలకల మీదా రాగి రేకుల మీదా వేసిన బ్రూగెల్ పూలు మ్యూజియాలలో నిలిచి ఉండగా, అవసరం కొద్దీ పుట్టిన సవర బొమ్మ గోడతోపాటు మాసిపోయినా ఎవరూ దానిని నష్టంగా లెక్కించలేదు. గత కొన్ని దశాబ్దాలలో సవరలలో చాలామంది క్రైస్తవాన్ని స్వీకరించడంతో పూర్వపు క్రతువులు తగ్గాయి. ఇప్పుడు అవే రేఖలు గుడ్డ మీదికి, కాగితం మీదికి ఎక్కి అమ్మకానికి వస్తున్నాయి. గిరిజన కళాకారులకు ఆదాయం తెచ్చే ఆ మార్పును తప్పుపట్టవలసిన పనిలేదు గాని, ఆత్మను సంతోషపెట్టడానికి చేర్చిన ఏనుగు కొనేవారి కంటికి ఇంపుగా ఉండడానికి చేర్చిన ఏనుగుగా మారిందన్న సంగతిని, ఆ చిత్రాలను ప్రదర్శించేవారు చూపరులకు తప్పక వివరించాలి.