ముక్కు సౌందర్య శస్త్రచికిత్స: కంప్యూటర్ చిత్రం – రోగి అంచనాలు

ప్రవేశిక:
ముక్కు ఆకృతిని సరిదిద్దే శస్త్రచికిత్సను వైద్య పరిభాషలో రైనోప్లాస్టీ అంటారు. తెగిన ముక్కును చర్మంతో పునర్నిర్మించే విధానం సుశ్రుత సంహితలోనే ఉంది. అక్కడ లక్ష్యం కోల్పోయిన అవయవాన్ని తిరిగి కల్పించడం. నేటి సౌందర్య చికిత్సలో లక్ష్యం రోగి మనసులోని రూపం. ముక్కు కొంచెం చిన్నదిగా ఉండాలని రోగి కోరినప్పుడు, ఆ ‘కొంచెం’ ఎంత అన్నది వైద్యుడు మరోలా గ్రహించే అవకాశం ఉంది. ఈ అంతరాన్ని శస్త్రచికిత్సకు ముందే గుర్తించడానికి కంప్యూటర్ చిత్రం తోడ్పడుతుంది.

చిత్రాన్ని రూపొందించే విధానం:
మొదట రోగి ముఖాన్ని ముందు, పక్క, ఏటవాలు, కింది కోణాల నుండి నిర్ణీత దూరంలో, ఒకే రకమైన వెలుతురులో ఫోటో తీస్తారు. సెల్ఫీ ఇందుకు పనికిరాదు. 5 అడుగుల దూరం నుండి తీసిన ఫోటోతో పోలిస్తే 12 అంగుళాల దూరం నుండి తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం లెక్కగట్టింది. లేని లోపాన్ని కెమెరాయే సృష్టించగలదన్నమాట. ఫోటోలు సిద్ధమయ్యాక ముక్కు దూలంపై ఉబ్బును తగ్గించి, కొనను పైకి తిప్పి, ముక్కుకూ పై పెదవికీ మధ్య కోణాన్ని మార్చి, ఫలితాన్ని అసలు ఫోటో పక్కనే చూపుతారు.

పరిమితులు:
సాఫ్ట్‌వేర్ మార్చేది చిత్రాన్ని. వైద్యుడు మార్చవలసినది ఎముకను, మృదులాస్థిని. చర్మం మందంగా ఉంటే లోపల చేసిన సూక్ష్మమైన మార్పులు బయటికి స్పష్టంగా కనిపించవు. గాయం మానే తీరు ఒక్కొక్కరిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. ముక్కు కొన వద్ద వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది లేదా అంతకు మించిన కాలం పట్టవచ్చు. పక్క నుండి కనిపించే రూపాన్ని ఊహించినంత సులభంగా ముందు నుండి కనిపించే రూపాన్ని ఊహించలేము. అన్నిటికీ మించి, శ్వాస ఎలా ఆడుతుందన్నది ఏ చిత్రంలోనూ కనిపించదు.

వైద్యుని బాధ్యత:
ఈ కారణాల వల్ల వైద్యుడు తాను సాధించగల మార్పును మాత్రమే, వీలైతే దానికన్నా కొంత తక్కువగానే చూపడం ఉచితం. రోగిని ఆకర్షించడానికి అతిశయించి చూపిన చిత్రం రేపటి అసంతృప్తికి బీజం అవుతుంది. చికిత్స స్వభావం, ప్రయోజనాలు, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు తగినంతగా వివరించిన తరువాతే రోగి సమ్మతి చెల్లుబాటవుతుందని 2008లో భారత సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చిత్రం ఈ వివరణలో ఒక భాగమే. అది హామీ కాదని సమ్మతి పత్రంలో నమోదు చేయడం అవసరం.

చిత్రానికి మరొక ప్రయోజనం కూడా ఉంది. ఇతరులు గుర్తించలేనంత చిన్న లోపం గురించి తీవ్రంగా వేదన పడుతూ, చూపిన ఏ రూపంతోనూ తృప్తి చెందని రోగికి శరీరాకృతికి సంబంధించిన మానసిక రుగ్మత ఉండవచ్చు. అటువంటి వారిని శస్త్రచికిత్సకు ముందే మానసిక వైద్యుని వద్దకు పంపడం మేలు.

ముగింపు:
కంప్యూటర్ చిత్రం విలువ అది భవిష్యత్తును ఎంత కచ్చితంగా చెప్పిందన్న దానిలో లేదు. రోగి కోరుకునేదానికీ వైద్యుడు చేయగలిగినదానికీ మధ్య ఉన్న దూరాన్ని కత్తి పట్టకముందే బయటపెట్టడంలో ఉంది. ఆ దూరం తగ్గనప్పుడు శస్త్రచికిత్స వద్దని చెప్పగలగడం కూడా ఈ సాధనం ఇచ్చే సత్ఫలితమే.